జావా కొండపల్లెలో స్థలం కొనేముందు గట్టు మీది గడ్డి ఎవరిదో అడగండి

ప్రశ్న ఇది: "జావా ద్వీపంలో ఏదైనా నిశ్శబ్దమైన కొండపల్లెలో పది సెంట్ల స్థలం కొని, చిన్న ఇల్లు కట్టుకొని ప్రశాంతంగా బతకాలని ఉంది. భారతీయులకు కొనే వీలుందా? అక్కడి జీవితం ఎలా ఉంటుంది?"

కొనలేరు. అంటే, మీ పేరిట సర్వహక్కులతో కొనలేరు. అడిగినదానికి జవాబు ఇంతే కాబట్టి తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు. మిగతావాళ్లకు కొంత చెప్పాలి, ఎందుకంటే "నిశ్శబ్దమైన", "ప్రశాంతంగా" అన్న మాటలు చూడగానే నాకు ఒళ్లు మండింది.

నేను పుట్టింది పశ్చిమ గోదావరిలో, మెట్టింది మధ్య జావాలో. సలతిగా పట్టణం దాటి కొపెంగ్ వైపు ఎక్కే రోడ్డులో, మెర్బాబు కొండ వాలు మీద గెతాసాన్ అనే ప్రాంతం ఉంది. కొండ ఎత్తు 3,145 మీటర్లు; మా అత్తవారి ఊరు దాని నడుము దగ్గర. క్యాబేజీ, క్యారెట్, మిరప పండిస్తారు. వాటన్నిటికీ మించి పాడి ఆవులు. ఇంటికి ఆనుకొనే కొట్టం, రెండు పూటలా క్యాన్లు పట్టుకొని పాల బండి కోసం రోడ్డు మీద నిలబడే జనం. ఇన్ని పాలున్న ఊళ్లో పెరుగు తోడుపెట్టేది నేనొక్కదాన్నే. నేను పెరుగన్నం కలుపుకొంటుంటే, పాలు పాడైపోయాయని తెలిసీ తింటున్నట్టు మా అత్తగారు జాలిగా చూస్తారు. సరే, అది వేరే గోడు.

చట్టం సంగతి త్వరగా ముగిస్తాను. 1960 నాటి భూమి మూల చట్టం ప్రకారం పూర్తి యాజమాన్యం, అక్కడి మాటలో హక్ మిలిక్, ఇండోనేషియా పౌరులకే. విదేశీయులకు దక్కేది హక్ పకై, అంటే వాడుకునే హక్కు. 2021 నిబంధనల ప్రకారం అది మొదట 30 ఏళ్లు, పొడిగింపు 20, కొత్తగా మళ్లీ ఇస్తే ఇంకో 30. అక్కడ ఉండేందుకు అనుమతి పత్రం కావాలి. ఇల్లు కూడా ప్రభుత్వం ప్రాంతాల వారీగా పెట్టిన కనీస ధరకు తక్కువది కాకూడదు, కాబట్టి పల్లెలో చవగ్గా చిన్న ఇల్లు అనే ఆశ అక్కడే తెగిపోతుంది.

"నమ్మకస్థుడైన స్థానికుడి పేరిట కొని లోపాయికారీగా ఒప్పందం రాసుకుంటాం" అనే తెలివైనవాళ్లు ప్రతిచోటా ఉంటారు. అదే చట్టంలోని 26వ అధికరణం వీళ్ల కోసమే రాసినట్టు ఉంటుంది. అలాంటి బేరం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన సొమ్ము తిరిగి అడగడానికి వీల్లేదు. ఇక పెళ్లి దారి. పెళ్లయ్యాక కొన్నది ఉమ్మడి ఆస్తి కాబట్టి, ఆస్తులు వేరని పెళ్లికి ముందే రాసుకోకపోతే విదేశీయుణ్ని చేసుకున్న పాపానికి సొంత దేశస్థులకే భూమి కొనే దారి మూసుకుపోయేది. ఆ ఒప్పందం పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చని 2016లో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. మా ఆయనకు రాబోయేది తండ్రి నుంచి వచ్చే వారసత్వం, అందులో నా వాటా అనే ప్రశ్నే లేదు. ఈ మాట విన్న రోజు మా నాన్నగారు ఫోనులో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు: "అయితే పాసుపుస్తకం ఎవరి పేరిట ఉందమ్మా?"

పాసుపుస్తకమే ఉండేది కాదు. ఉన్నదల్లా ఊరి కార్యాలయంలో లెటర్ సి అనే పాత చిట్టా. ఎవరు ఏ ముక్కకు శిస్తు కడుతున్నారో అందులో ఉంటుంది. అది హక్కుకు రుజువు కాదని చట్టం అంటుంది, దానికంటే రుజువు ఏముంటుందని ఊరు అంటుంది. ఆ పుస్తకం చారిక్ అనే ఉద్యోగి చేతిలో ఉంటుంది. మనకు 1984లో కరణాలు పోయారు గానీ, అక్కడ చారిక్ నిక్షేపంగా ఉన్నాడు. పైగా పదవిలో ఉన్నంతకాలం సాగు చేసుకోవడానికి బెంగ్కోక్ అనే మాన్యం కూడా ఉంటుంది. 2017 నుంచి ప్రభుత్వం ఊళ్లకు ఊళ్లే ఒకేసారి కొలిచి పత్రాలు ఇచ్చే కార్యక్రమం పెట్టుకుంది. మా ఊరి వంతు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నేను నిజంగా చెప్పాలనుకున్నది ఆ రోజు సంగతే.

కొండ వాలులో పొలం మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒక మెట్టుకూ కింది మెట్టుకూ మధ్య నిలువు గట్టు, మనిషి ఎత్తున. ఆ గట్టు నిండా ఏనుగు గడ్డి పెంచుతారు. మన్ను జారకుండా వేర్లు పట్టుకుంటాయి, ఆవులకు మేతా దొరుకుతుంది. హద్దు చూపడానికి రాళ్లు ఉండవు, ఆందోంగ్ మొక్కలు ఉంటాయి. ముదురెరుపు ఆకుల మొక్క, మన నర్సరీల్లో కుండీల్లో పెట్టి అందానికి అమ్ముతారే, అదే. మా మామగారి మెట్టు పైది. కింది మెట్టు ఆయనకు వరసకు తమ్ముడయ్యే ఒకాయనది. మేం ఆయన్ను పాక్ లిక్ అంటాం, అంటే బాబాయి గారు. మా ఊరి వాడుక ప్రకారం గట్టు ఎప్పుడూ పై మెట్టు వాళ్లదే.

కొలతల వాళ్లు వచ్చే రోజు పొద్దున మేం వెళ్లేసరికి ఆందోంగ్ మొక్కలు గట్టు అడుగున లేవు. గట్టు నెత్తిన ఉన్నాయి. చుట్టూ మన్ను తడి ఆరలేదు, ఆకులు వాడి వేలాడుతున్నాయి. రాత్రికి రాత్రి మొక్కలు నడిచి వెళ్లాయన్నమాట. వాటి పక్కనే కొత్త మేకులు.

పై నుంచి చూసి గీసే పటంలో నిలువు గట్టుకు వెడల్పే ఉండదు. పటంలో అదొక గీత. కానీ ఆవుకు కావలసింది పటం కాదు, ఆ గీత మీద పెరిగే గడ్డి. మా గట్టు పొడవునా రోజుకు రెండు మోపులు వస్తుంది. కాబట్టి గీత ఎక్కడ పడుతుందన్నది చిన్న సంగతి కాదు. కొలిచే కుర్రవాడు ఇద్దరినీ అడిగాడు, హద్దు ఇదేనా అని. బాబాయి గారు వినయంగా అవునన్నారు. మా మామగారు అంతకంటే వినయంగా అవునన్నారు! నేను నోరు తెరవబోతే మా ఆయన నా మోచేయి గట్టిగా పట్టుకున్నారు. మా గోదావరి జిల్లాలో అయితే ఈపాటికి గునపాలు లేచేవి, పెద్దమనుషులు వచ్చేవారు, మండల సర్వేయరుకు అర్జీ వెళ్లేది, రెండు ఇళ్ల మధ్య మూడు తరాలు పెళ్లిళ్లకు పిలుపులు ఉండేవి కావు.

ఆ సాయంత్రం మా మామగారు లవంగం సిగరెట్లు జేబులో వేసుకొని బాబాయి గారింటికి వెళ్లారు. ఏం జరుగుతుందో చూడాలని నేనూ వెంట వెళ్లాను. పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు, తియ్యటి టీ ఇచ్చారు, ఉడికించిన కర్రపెండలం పెట్టారు. క్యాబేజీ ధర గురించి మాట్లాడుకున్నారు. 2022లో గాలికుంటు వచ్చినప్పుడు ఎవరి ఆవులు పోయాయో, ఎవరివి మిగిలాయో మాట్లాడుకున్నారు. మేకుల ఊసు రాలేదు. నాకు సహనం చచ్చిపోయింది. లేచి వస్తూ, గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, మా మామగారు ఒక్క మాట అడిగారు: "మన పెయ్యకు గడ్డి సరిపోతోందా తమ్ముడూ?"

బాబాయి గారి కొట్టంలో ఉన్న పెయ్య మాది. గదుహాన్ అంటారు ఆ పద్ధతిని. ఆవు ఒకరిది, మేపడం ఇంకొకరిది, పుట్టిన దూడల్లో ఇద్దరికీ వాటా. ఆ పెయ్య తినేది మా గట్టు గడ్డే. అంటే బాబాయి గారు దొంగిలించింది ఆయన ముందునుంచీ కోసుకుంటున్న గడ్డినే! తెల్లారేసరికి మొక్కలు గట్టు అడుగుకు దిగిపోయాయి. మేకులు కూడా. "నిన్న చీకట్లో సరిగ్గా కనబడలేదు" అని ఆయనే కొలతల వాళ్లకు కబురు పెట్టి, మళ్లీ కొలిపించి, సంతకం చేశారు. పత్రం మా మామగారి పేరిట వచ్చింది. గడ్డి ఇవాళ్టికీ బాబాయి గారే కోసుకుంటున్నారు.

ఇది మా నాన్నగారికి మింగుడు పడదు. "కాగితం మనదైనప్పుడు గడ్డి ఆయన కోయడం ఏమిటి?" అని ప్రతి పండక్కీ అడుగుతారు. ఆ గడ్డికి బదులుగా మా మామగారికి జ్వరం వస్తే మా ఆవుల పాలు పితికేది ఎవరో, ఇంటి కప్పు మార్చిన రోజు పిలవకుండానే మనుషుల్ని వెంటేసుకొని వచ్చింది ఎవరో చెబుతాను. ఆయన "సరే" అంటారు, ఒప్పుకొని కాదు, ఫోను పెట్టేయడానికి.

మీరు కొనాలనుకుంటున్న స్థలానికి కూడా ఇలాంటి గడ్డి ఏదో ఒకటి ఉంటుంది. అది పత్రంలో ఉండదు. స్థలం ధర ఒకసారి కడితే అయిపోతుంది, ఊరికి కట్టేది ఎప్పటికీ అవదు. ఇంటి ముందు చిన్న డబ్బా వేలాడదీయాలి, అందులో రోజూ గుప్పెడు బియ్యమో, ఒక నాణెమో. రాత్రి గస్తీ వాళ్లు వచ్చి ఒంపుకొని పోతారు. జింపితాన్ అంటారు. మొత్తం చిన్నదే, కానీ డబ్బా ఖాళీగా ఉంటే ఊరంతా తెలుస్తుంది. గస్తీకి మీ వంతు వస్తే చలిలో కూర్చోవాలి. కాలువ పూడిక తీసే రోజు పార పట్టాలి. ఎవరింట పెళ్లయినా ఆడవాళ్లు వెళ్లి ఉల్లిపాయలు తరగాలి, కవరులో డబ్బు పెట్టాలి. ఎంత పెట్టారో రాసుకుంటారు, మీ ఇంట శుభకార్యానికి అంతకు తగ్గకుండా తిరిగి వస్తుంది. చావు ఇంట ఏడో రోజు, నలభయ్యో రోజు, నూరో రోజు, వెయ్యో రోజు ప్రార్థనలు. వెయ్యో రోజు కూడా గుర్తుంచుకొని వెళ్లాలి!

సెమరాంగ్ నుంచి సోలోకు టోల్ రోడ్డు వచ్చాక నగరాల వాళ్లు ఇటు ఎగబడ్డారు. సాగుభూమి యజమాని అదే మండలంలోనో పక్క మండలంలోనో ఉండాలని 1961 నాటి నియమం ఒకటి ఉంది. ఎవరికి పట్టింది? అద్దాల ఇళ్లు కట్టి, కొండ కనబడేలా ఊయల వేసి, ఫొటోకు రుసుం పెడతారు. అలాంటి ఇల్లొకటి మా ఊటనీటి గొట్టానికి తమ గొట్టం కలుపుకుంది. ఊరు ఒక్క మాట అనలేదు. వాళ్ల ప్రహరీ వానకు కూలి రోడ్డుకు అడ్డం పడినప్పుడూ ఊరు ఒక్క మాట అనలేదు, పక్క నుంచి నడిచి వెళ్లింది. ఇక మన తెలుగు వీడియోల వాళ్లు. దియెంగ్ పీఠభూమి మీద భీముడి గుడి, అర్జునుడి గుడి అని పిలిచే ఆలయాలు ఉన్న మాట నిజమే. వాటి ముందు నిలబడి "ఒకప్పుడు ఇదంతా మనదే" అని అరవడం ఎందుకు? టికెట్ కొట్టే ముసలాయనకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయారు.

నిశ్శబ్దం గురించి అడిగారు. వేకువన మసీదు మైకు, దానికి పోటీగా కోళ్లు, పాల బండి హారను, పెళ్లి ఇంట అర్ధరాత్రి దాకా దాంగ్దుత్ పాటలు, మనిషి పోతే చెక్క కెంతోంగాన్ మోత. సందు దాటితే ఎక్కడికని అడుగుతారు, సంచి చూస్తే ఎంతకు కొన్నావని అడుగుతారు, పిల్లలెందుకు లేరని మాత్రం కనబడ్డవాళ్లంతా అడుగుతారు. ఎవరూ పలకరించకూడదనుకుంటే హైదరాబాదులో అపార్టుమెంటు తీసుకోండి, హామీ ఇస్తాను.

ఇంకో సంగతి, స్థలం అమ్ముతామని వచ్చేవాడు ఒక్కడే వస్తాడు, హక్కుదార్లు మాత్రం పదిమంది ఉంటారు. తండ్రి పోయాక పంచుకోకుండా వదిలేసిన భూములే ఎక్కువ. అక్కడ కూతుళ్లకు మొదటి నుంచీ వాటా ఉంది. కొడుక్కి కావడి బరువు, కూతురికి చంకన మోసే మూట అని సామెత, అంటే రెండుకు ఒకటి. చాలా ఇళ్లలో సమానంగానే పంచేస్తారు. మనకు ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లల హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సవరణతో గానీ రాలేదని చెబితే మా అత్తగారు నమ్మలేదు. కాబట్టి హాంకాంగ్‌లో ఇంటిపని చేసుకునే చెల్లెలు, సుమత్రాలో స్థిరపడ్డ అన్న, అందరి సంతకాలూ లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి. వాడుకునే హక్కు తీసుకున్నా ఇదే వర్తిస్తుంది.

చివరగా, ఎండాకాలం ఫొటోలు చూసి నిర్ణయించుకోకండి. జనవరిలో రండి, వారాల తరబడి వాన పడేటప్పుడు. బట్టలు ఆరవు, మబ్బు ఇంట్లోకి వస్తుంది, స్థలం పైన ఉన్న వాలు మీద చెట్లున్నాయో, ఒట్టి కూరగాయల మడులే ఉన్నాయో తెలుస్తుంది. 2014 డిసెంబరులో బంజర్‌నెగారా జిల్లాలో కొండచరియ విరిగి జెంబ్లుంగ్ అనే పల్లె మట్టి కింద పడింది, దాదాపు వందమంది పోయారు. వాలు చూశాక, పక్క పొలం వాళ్లింట్లో టీ తాగాక, అప్పటికీ తీసుకోవాలనిపిస్తే ఇక్కడే మళ్లీ అడగండి, నోటరీ దగ్గర ఏయే కాగితాలు చూడాలో రాస్తాను. వచ్చేటప్పుడు కాస్త ఆవకాయ పట్టుకురండి, అది మాత్రం ఆ కొండ మీద ఎంత డబ్బు పెట్టినా దొరకదు.