సంక్రాంతి సెలవులకు ల్యాబ్రడార్ కుక్కతో విశాఖ బీచ్‌లు: ఏ పూట, ఏ తీరం, ఏం పట్టుకెళ్లాలి?

మీ ప్రశ్న ఇదీ: సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కారులో విశాఖ, నాలుగు రోజులు. ఆరేళ్లు, పదేళ్ల పిల్లలు, మీ అమ్మగారు, ఇప్పటిదాకా సముద్రం మొహం చూడని 28 కిలోల మూడేళ్ల ల్యాబ్రడార్ కుక్క (ల్యాబ్). ఏ బీచ్‌కి వెళ్లాలి, ఏం చూసుకోవాలి అని.

బీచ్ కంటే ముందు పూట తేల్చుకోండి. కుక్కతో సముద్రానికి రోజుకి రెండు పూటలే: తెల్లవారాక గంటన్నర, పొద్దు వాలే ముందు గంట. జనవరిలో విశాఖలో ఆరున్నర ప్రాంతంలో సూర్యోదయం, సాయంత్రం ఐదున్నర దాటగానే చీకటి మొదలు. మిగతా రోజంతా దానికి నీడ, నీళ్లు, నిద్ర కావాలి. పిల్లల కార్యక్రమం మొత్తం ఈ రెండు పూటల చుట్టూ అల్లుకోండి. చలికాలమే కదా అని పదకొండింటికి తీసుకెళ్తే పొడి ఇసుక చాలా వేడెక్కి ఉంటుంది. మీ అరచేతి వెనక వైపు ఇసుకకి ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే దాని పాదాలకీ అది పనికిరాదు.

ఇక తీరాలు. నన్నడిగితే భీమిలి. నగరం నుంచి బీచ్ రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది, నడవడానికి విశాలమైన ఇసుక, జనం తక్కువ. ఒక్కటే షరతు: గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుకి దూరంగా ఉండండి. అక్కడ నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది, కానీ ఆటు సమయంలో నది నీరంతా బయటికి లాగేస్తుంది. ఈదుతున్న కుక్క ఎదురీదలేక అలిసిపోతుంది. ఆర్‌కే బీచ్‌లో తెల్లవారి నడక బాగుంటుంది, అంతవరకే. అక్కడ మనుషులు కొట్టుకుపోయిన వార్తలు తరచూ వస్తూనే ఉంటాయి, కుక్కని కెరటాల్లోకి దింపకండి. పండగ మూడు రోజులూ సాయంత్రం అసలు వద్దు. జనం, తిని పారేసిన ఎముకలు, ఐస్‌క్రీమ్ పుల్లలు. ల్యాబ్ నోటికి ఇవన్నీ పండగే. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ) గుర్తింపు వచ్చింది, ఆ పద్ధతిలో జంతువుల రాకపోకల మీద కట్టుదిట్టమైన నియంత్రణ ఉంటుంది. అందుకని అది పిల్లల పూటగా పెట్టుకుని కుక్కని గదిలో ఒక పెద్దవాళ్ల దగ్గర ఉంచండి. కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం, జూ లాంటివీ అంతే, ఇద్దరు లోపలికి, ఒకరు బయట, తర్వాత మారండి. కారులో వదిలి మాత్రం వెళ్లకండి, అద్దం రెండంగుళాలు దించినా సరే. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీలు పెరిగిపోతుంది. యారాడ చూడ్డానికి అందమే కానీ కొండ మెలికల్లో కుక్క వాంతి చేసుకుంటుంది, కెరటాలు ఉధృతం. ఒక పూట ఒడ్డున నడకకి చాలు.

మొదటి పరిచయం తొందరపెట్టొద్దు. తొలిరోజు ఇరవై నిమిషాలు, తడి ఇసుక మీదే. అల వెనక్కి వెళ్తుంటే ఇసుక కాళ్ల కింద నుంచి జారిపోతుంది, చాలా కుక్కలు భయపడేది అల మోతకంటే దానికే. మీరు నీళ్ల వైపు, అది ఒడ్డు వైపు ఉండేలా పక్కపక్కన నడవండి. రెండోరోజు దాని మోచేతుల లోతు. ఈత కొట్టాలంటే వీపు మీద పిడి ఉన్న లైఫ్ జాకెట్ తొడగాల్సిందే. ఇంట్లోనే రెండు మూడుసార్లు తొడిగి అలవాటు చేసి తీసుకెళ్లండి. మెడ పట్టీకి కాకుండా హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకి) తాడు కట్టండి, పది మీటర్లు చాలు. తాడు అరచేతికి చుట్టుకోవద్దు, ఒక్క గుంజుకి వేళ్లు నలిగిపోతాయి. పిల్లల చేతికి ఇవ్వడం కూడా వద్దు. కొంగ ఎగిరిందంటే 28 కిలోలు ఆరేళ్ల పిల్లాణ్ని నీళ్లదాకా ఈడ్చుకుపోతుంది. పదేళ్ల వాళ్లకి గిన్నెలో నీళ్లు పోసే పని అప్పగించండి, అది చిన్న పని కాదు.

ఎందుకంటే సముద్రంలో కుక్కని ఎక్కువగా దెబ్బతీసేది ఉప్పు. సముద్రపు నీటిలో లీటరుకి 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. మీ ల్యాబ్ కావాలని తాగకపోయినా, నీళ్లలో పడ్డ బంతిని నోట కరిచిన ప్రతిసారీ ఓ గుక్క లోపలికి పోతుంది. ఇరవై సార్లు తెస్తే ఇరవై గుక్కలు. ముందు నీళ్ల విరేచనాలు, తర్వాత వాంతులు. ఇంకా ఎక్కువైతే తూలడం, వణుకు, మూర్ఛ. అందుకే బంతి బదులు నీళ్ల మీద తేలే పల్చటి మెత్తటి డిస్క్ వాడండి, దాన్ని అంచు పట్టుకుని తెస్తుంది, నోరు అంతగా తెరవదు. పదిహేను నిమిషాలకోసారి ఒడ్డుకి పిలిచి గిన్నెలో నూరు, నూటయాభై మిల్లీలీటర్ల మంచినీళ్లు పెట్టండి. ఒకేసారి లీటరు పెడితే గటగటా తాగి కక్కేస్తుంది. మామూలు రోజునే దానికి లీటరున్నర కావాలి, బీచ్‌కి వెళ్లే పూట దానికంటూ విడిగా మూడు లీటర్లు కారులో ఉండాలి. కాళ్లు కడగడానికి ఇంకో అయిదు లీటర్ల డబ్బా. ఒకట్రెండు పల్చటి విరేచనాలైతే ఆ పూట తిండి తగ్గించి పెరుగన్నం, మంచినీళ్లతో చూడొచ్చు. తూలుతున్నా, వణుకుతున్నా నీళ్లు బలవంతంగా పొయ్యకుండా నేరుగా డాక్టరు దగ్గరికి. పారాసిటమాల్, ఐబూప్రోఫెన్ లాంటి మన మాత్రలు ఏ కారణానికీ వెయ్యకండి, కుక్కలకి అవి విషం.

ఇసుక తవ్వడం సరదాగానే ఉంటుంది. తవ్వుతూ మింగుతోందా అన్నది గమనించండి. బొమ్మ ఇసుకలో పడేసి తియ్యమంటే ప్రతిసారీ కాస్త ఇసుక కడుపులోకి పోతుంది. మర్నాడు ముక్కుతూ విరేచనం రాకపోవడం, తిండి ముట్టకపోవడం, పొట్ట ముట్టుకుంటే మూలగడం ఉంటే ఎక్స్‌రే తియ్యాల్సిందే, నూనె తాగించి ఎదురుచూడకండి.

ఈ తీరం నిండా జాలరిపేటలు. పొద్దున్నే వలలు విదిలించే చోటు ఫొటోలకి ఎంత బాగుంటుందో కుక్కకి అంత ప్రమాదం. పనికిరాని చేపలు అక్కడే పారేస్తారు. వాటిలో ముట్టుకుంటే బంతిలా ఉబ్బే చేప ఒకటుంటుంది, చచ్చాక కూడా దాని కాలేయంలో, గుడ్లలో ప్రాణాలు తీసే విషం ఉంటుంది. వలలో చిక్కిన సముద్రపు పాములూ ఒక్కోసారి ఇసుక మీద ఉంటాయి, కదలకపోయినా చచ్చిందని నమ్మొద్దు. జెల్లీ చేపలు ఎండిపోయినా కుడతాయి. గాలాలు మరీ మోసం, ఎర వాసనకి మింగేస్తుంది. నోట్లోంచి నైలాన్ దారం వేలాడుతుంటే లాగకండి, కత్తిరించకండి. ఆ దారం డాక్టరుకి దారి చూపిస్తుంది. కాబట్టి పడవలకి యాభై మీటర్ల ఇవతలే ఆగండి. వెళ్లే లోపు ఇంట్లో ‘వదులు’ అన్న ఒక్క మాట బాగా నేర్పించండి, కూర్చో, షేక్‌హ్యాండ్ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

బీచ్ కుక్కలకి ఎవరి హద్దులు వాళ్లకున్నాయి. మంద ఎదురైతే పరిగెత్తొద్దు, తాడు బిగపట్టొద్దు. బిగిస్తే మీ కుక్కకి మీ భయం తెలిసిపోతుంది. పక్కకి తిరిగి నిదానంగా నడుచుకుంటూ పోండి. మీ కుక్క పక్కనుండగా వాటికి బిస్కెట్లు వెయ్యడం గొడవని చేతులారా తెచ్చుకోవడమే. రేబిస్ టీకా, లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల సోకే జబ్బు) కలిసిన టీకా గడువులో ఉన్నాయో లేదో ఇప్పుడే కార్డు తీసి చూడండి, వెయ్యాల్సి ఉంటే ప్రయాణానికి కనీసం రెండు మూడు వారాల ముందే. కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, కరిచింది కుక్కనైనా మనిషినైనా.

మీరు వెళ్లేది జనవరిలో కాబట్టి ఇది తప్పక చెప్పాలి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి వచ్చి గుడ్లు పెట్టే కాలం అప్పుడే మొదలవుతుంది. రాత్రి పూట ఒడ్డెక్కి, ఒక్కో గుంటలో వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. అటవీశాఖ వాళ్లు గుడ్లు సేకరించి కంచె వేసిన చోట్ల పొదిగిస్తారు, కానీ వాళ్లకంటే ముందు కుక్క ముక్కు కనిపెడుతుంది. చీకట్లో, తెల్లవారుజామున కుక్కని వదలొద్దు. నీళ్లలోంచి పైకి ట్రాక్టరు చక్రం ఈడ్చినట్టు జాడ కనిపిస్తే దాన్ని తొక్కకుండా పక్కకి తప్పుకోండి. పిల్లలకి ఆ జాడ దూరం నుంచి చూపించండి, జన్మలో మర్చిపోరు.

గదికొచ్చే ముందే కారు దగ్గర కడగాలి. హార్నెస్ తీసి, దాని పట్టీ ఆనిన చంకల్లో వేళ్లతో వెంట్రుకలు పాయలు తీసి చూడండి, తడి ఇసుక అక్కడే గరుకు కాగితంలా రాసి ఎర్రబారుతుంది. తర్వాత కాలివేళ్ల సందులు. ల్యాబ్ చెవులు వేలాడుతాయి కాబట్టి లోపలి తడి ఆరదు, మెత్తటి గుడ్డతో వేలు అందినంత మేరే తుడవండి, దూది పుల్లలు వద్దు. ఈత కొట్టిన మర్నాడు తోక మొదట్లో కాస్త నిలబడి మిగతాది చచ్చుబడినట్టు వేలాడితే విరిగిందని కంగారు పడకండి, ల్యాబ్‌లకి అలవాటు లేని ఈతతో అలా అవుతుంది, విశ్రాంతిస్తే కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. నొప్పి ఎక్కువుంటే డాక్టరు మందిస్తారు.

గది మాట్లాడేటప్పుడు ‘పెట్స్ ఓకే’ అన్న మాట చాలదు. గదిలోకి రానిస్తారా, లిఫ్ట్ ఎక్కనిస్తారా, అదనంగా ఎంత, ఇవన్నీ మెసేజ్ రూపంలో రాయించుకోండి. భోగి, సంక్రాంతి, కనుమ నాడు తెరిచి ఉండే పశువైద్యుల నంబర్లు రెండు బయల్దేరే ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకోండి.

దారి ఆరువందల కిలోమీటర్ల పైమాటే. పండగ ముందురోజుల్లో విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరతాయి, తెల్లవారుజామున మూడింటికే దాటేయండి. తిండి బయల్దేరడానికి నాలుగు గంటల ముందు, అదీ సగమే. రెండు గంటలకోసారి ఆపి, తలుపు తెరవక ముందే తాడు తగిలించండి. హైవే పక్కన కుక్క తప్పించుకునేది ఆ తలుపు దగ్గరే. తిరుగు ప్రయాణం ముందు సాయంత్రం బీచ్ మానేసి, దాని విరేచనం ఎలా ఉందో చూసుకుని బయల్దేరండి.