ఎంతో ఆశపడి వెళ్లి ఉసూరుమంటూ బయటికొచ్చిన సినిమా ఏది?

నా వరకు ‘బంటీ ఔర్ బబ్లీ 2’. బంటీ, బబ్లీ అని పేర్లు పెట్టుకుని జనాన్ని బురిడీ కొట్టించే జంటల హిందీ సినిమా ఇది. 2005లో వచ్చిన మొదటిదంటే నాకు పిచ్చి, అందుకే 2021 నవంబరులో రెండోది రాగానే మా బావమరిదిని వెంటేసుకుని వెళ్లాను. ఇంటర్వెల్ కాకముందే వాడు ఫోన్ చూసుకోవడం మొదలెట్టాడు, నాకూ వాణ్ణి ఆపాలనిపించలేదు.

నటుల తప్పు కాదు. రాణీ ముఖర్జీ, సైఫ్ అలీఖాన్, పంకజ్ త్రిపాఠీ ఉన్న సినిమా అది. తీసినవాళ్లకి మోసం అంటే ఏంటో తెలియదు, అదీ అసలు సంగతి. కొత్త జంట ఏకంగా గంగానదినే లీజుకిచ్చేస్తుంది, ఎంత మంచి ఆలోచన! కానీ అవతలివాడు ఎందుకు నమ్మాడన్నది మాత్రం గాలికొదిలేశారు. వేషం మార్చడం, డబ్బు వచ్చి పడటం, పాట. మొదటి భాగంలో తాజ్‌మహల్ అమ్మేటప్పుడు బబ్లీ మంత్రి వేషంలో చూపించిన దర్పానికి మనమే సంతకం పెట్టేసేలా ఉంటాం.

అసలైన మోసం ఎలా నమ్మిస్తుందో తెనాలిలో మా నాన్నగారి బట్టల కొట్లో నేను కళ్లారా చూశాను. దసరా ముందు, కొట్టు నిండా బేరాలు. సఫారీ వేసుకున్న ఒకాయన, ఫైలు పట్టుకున్న కుర్రాడు వచ్చి తూనికలు కొలతల శాఖ అన్నారు. పెద్దాయన మీటరు బద్ద తీసుకుని, చివరున్న ముద్రని బొటనవేలితో తడిమి, కుర్రాడితో ‘రాసుకో’ అన్నాడు, అంతే. నాన్న కూల్‌డ్రింకులు తెప్పిస్తే కుర్రాడు చెయ్యి చాపబోయాడు. ‘డ్యూటీలో ఉండగా ఏంట్రా అది?’ అని అందరి ముందూ కసిరాడు పెద్దాయన. ఆ ఒక్క మాటకే నాన్న పడిపోయారు. ఇంత నిక్కచ్చి మనిషి కేసు రాస్తే పండగ బేరం పోతుందని ఆయనే లోపలికి పిలిచి, బతిమాలి, వాళ్లు అడక్కుండానే డబ్బు చేతిలో పెట్టారు! రసీదు కూడా ఇచ్చి వెళ్లారు. అది దొంగ రసీదని తర్వాత తెలిసింది. ఆ కూల్‌డ్రింకు సీనులాంటిది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఈ సినిమాలో ఉంటే నేనింత రాసేవాణ్ణి కాదు.

ఇప్పుడు క్రైమ్ సినిమాలన్నీ ఇంతే అయిపోయాయి. ల్యాప్‌టాప్ మీద నాలుగు కీలు కొడితే కోట్లు బదిలీ అయిపోతాయి, చివర్లో ఒక ట్విస్టు పడేసి చప్పట్లు కొట్టమంటారు. 

నమ్మించడమంటే ఏంటో నిజంగా జరిగిన ఈ మోసంలో చూడండి. 1987లో బొంబాయి ఒపెరా హౌస్ దగ్గర ఒకడు పేపర్లో ఉద్యోగ ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూలు చేసి, ఎంపికైనవాళ్లని సీబీఐ దాడి అంటూ పెద్ద నగల కొట్టుకి తీసుకెళ్లాడు. ఆ కుర్రాళ్లు తాము నిజం అధికారులమనే నమ్మారు, అందుకే కొట్టువాళ్లూ నమ్మారు. వాడు నగలతో మాయమయ్యాడు, ఇప్పటికీ దొరకలేదు. దాని ఆధారంగానే 2013లో హిందీలో ‘స్పెషల్ 26’ తీశారు, దాన్నే సూర్య తమిళంలో చేస్తే తెలుగులో ‘గ్యాంగ్’ అని వచ్చింది. చూడకపోతే ముందు హిందీది చూడండి. బంటీ బబ్లీ పేరు మీద మోజుంటే 2005 నాటిది చాలు, రెండోదాని జోలికి వెళ్లకండి.