చంద్రపూర్ ఎండల్లో మంద తోలే జాతి కుక్క: ఏది ఎంచుకోవాలి?

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో సొంత ఇల్లు, చుట్టూ కొంత ఖాళీ స్థలం, ఎనిమిదేళ్లు, పదకొండేళ్లు ఉన్న ఇద్దరు పిల్లలు, తెల్లవారుజామునే పరుగుకు వెళ్లే భార్యాభర్తలు, ఆదివారాల్లో సైకిళ్ల మీద షికారు: ఇంత చురుకైన కుటుంబానికి బోర్డర్ కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్, బెల్జియన్ మాలిన్వా జాతుల్లో ఏది సరిపోతుందని మీరు అడిగారు. ఇదే మీ మొదటి కుక్క అని కూడా రాశారు. నేను చంద్రపూర్‌లో ఉంటాను. మా ఇంట్లో మొదట ఒక జర్మన్ షెపర్డ్ ఉండేది, ఇప్పుడు ఒక బోర్డర్ కోలీ ఆడకుక్క ఉంది. ఆ రెండింటినీ పెంచిన అనుభవంతో చెబుతున్నాను: మీరు పేర్కొన్న మూడింటిలోనే ఎంచుకోవాలంటే బోర్డర్ కోలీ తీసుకోండి, అది కూడా పొట్టి వెంట్రుకల రకం, అది కూడా పెద్దవాళ్లలో ఒకరు రోజూ దానితో కూర్చుని పని నేర్పించగలిగితేనే. అంత తీరిక లేకపోతే ఆ మూడింటినీ పక్కన పెట్టి జర్మన్ షెపర్డ్ చూడండి. పగలంతా ఇంటికి తాళం వేసి ఉంటుందంటే మాత్రం ఈ కోవకు చెందిన ఏ జాతీ వద్దు.

మీ ప్రశ్నంతా పరుగు చుట్టూ తిరిగింది కనుక ముందుగా దాని సంగతి చెబుతాను. ఉదయం మీరు పరుగెత్తే ఐదారు కిలోమీటర్లు బోర్డర్ కోలీని అలసిపోయేలా చేయవు. రోజూ పరుగెత్తించిన కొద్దీ దాని ఒంటికి ఇంకా దమ్ము పెరుగుతుంది, మరుసటి నెల అది ఇంకో రెండు కిలోమీటర్లు అడుగుతుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో రోజంతా గొర్రెల వెంట తిరగడానికి తయారైన జాతి అది. నేటి బోర్డర్ కోలీలన్నిటికీ మూలపురుషుడుగా చెప్పే ఓల్డ్ హెంప్ అనే మగకుక్క 1893లో నార్తంబర్లండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే రైతు దగ్గర పుట్టింది. మొరగకుండా, కరవకుండా, ఒంగి నడుస్తూ చూపుతోనే గొర్రెలను కదిలించేదని దానికి పేరు. 1906లో ఏర్పడిన అంతర్జాతీయ షీప్‌డాగ్ సొసైటీ కూడా అందచందాలకంటే పనితనానికే విలువ ఇచ్చింది. తరతరాలుగా అలా ఏరి పెంచిన ఫలితంగా ఈ కుక్కకు కాళ్లకంటే తల ఎక్కువ పని అడుగుతుంది. అమెరికాలో చేసర్ అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లను విడివిడిగా గుర్తుపట్టిందని 2011లో పరిశోధకులు ప్రచురించారు. మీ ఇంట్లో అన్ని బొమ్మలు ఉండనక్కరలేదు గానీ, అంతటి బుర్రకు రోజూ ఏదో ఒక పని పెట్టకపోతే అది తనకు తోచిన పనిని తానే వెతుక్కుంటుంది.

ఆ తోచిన పని ఏమిటన్నది మన ప్రాంతంలో తెలియాల్సిన సంగతి. పత్తి చేలు ఖాళీ అయ్యాక కురుమలు, ధన్‌గర్లు గొర్రెలను తోలుకొచ్చి ఎరువు కోసం పొలాల్లో మంద కట్టడం మీరూ చూసే ఉంటారు. వాళ్ల వెంట ఉండే నాటు కుక్కలు మందను కాస్తాయి, అంటే రాత్రిళ్లు తోడేళ్లను, దొంగలను దగ్గరకు రానివ్వవు. గొర్రెలను మళ్లించే పని మాత్రం కాపరి తన గొంతుతో, కర్రతో తానే చేసుకుంటాడు. బోర్డర్ కోలీ వంటివి ఆ మళ్లించే పనికి పుట్టినవి. వేటకు బయలుదేరిన జంతువు చూసి, పొంచి, తరిమి, కరుస్తుంది కదా. ఈ జాతుల్లో మొదటి మూడు మెట్లను పెంచి, చివరి మెట్టును అణచివేశారు. అందుచేత గొర్రెలు లేని ఇంట్లో పరుగెత్తే పిల్లలు, సైకిళ్లు, ఆటోలు, వీధిలో తిరిగే మేకలు దానికి మందగా కనిపిస్తాయి. మీ చిన్నబ్బాయి స్నేహితులతో పెరట్లో పరుగులు పెడుతుంటే అది చుట్టూ తిరిగి అందరినీ ఒక మూలకు చేర్చాలని చూస్తుంది, మాట వినని వాడి మడమను పళ్లతో నొక్కుతుంది. అది పగతో కరవడం కాదని మనకు తెలుస్తుంది గానీ, పక్కింటి తల్లికి ఎలా తెలుస్తుంది? మేకల యజమానికి అసలే తెలియదు.

మా ఇంట్లో దీనికి పాటించిన పద్ధతి సులభమైనదే కానీ విసుగు పుట్టించేది. పిల్లలు పరుగెత్తడం మొదలుపెట్టగానే కుక్క ఎక్కడున్నా కూర్చోవాలి, కూర్చుంటే తినడానికి ఏదైనా దొరుకుతుంది. అది లేచి వెంటపడిందంటే పిల్లలు ఉన్నచోటనే బొమ్మల్లా నిలబడిపోవాలి, దాంతో దాని ఆట ఆగిపోతుంది. కుక్కకంటే పిల్లలకు నేర్పడానికే ఎక్కువ సమయం పట్టిందని ఒప్పుకోవాలి. మరొక సంగతి: మనలాంటి ఇళ్లలో తెలుగు ఇంటి భాష, మరాఠీ బడి భాష, హిందీ వీధి భాష, ఒకరు ‘కూర్చో’ అని, ఇంకొకరు ‘బస్’ అని, మూడోవారు ‘బైఠో’ అని అంటే ఎంత తెలివైన కుక్కయినా అయోమయపడుతుంది. ఆజ్ఞలు నాలుగే అయినా సరే, ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడేటట్లు ముందే అనుకోండి. పొద్దున, సాయంత్రం పదిహేనేసి నిమిషాలు వస్తువులు దాచి వెతికించడం, పిల్లలను దాచి పేరు చెప్పి పట్టించడం, పెద్ద బంతిని ముక్కుతో తోయించి గేటు వరకు తెప్పించడం వంటివి చేస్తే అది గంట పరుగుకంటే తృప్తిగా పడుకుంటుంది.

ఇక ఎండ. కొనాలా వద్దా అన్నది నా ఉద్దేశంలో ఇక్కడే తేలాలి. మే నెలలో చంద్రపూర్, బల్లార్‌పూర్‌లలో 46, 47 డిగ్రీలు చూస్తాం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దాని ప్రధాన ఆధారం. రొప్పినప్పుడు నోటిలోని తడి ఆవిరై ఒళ్లు చల్లబడుతుంది. గాలి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో నీడ, నీళ్లు, కూలరు ఉన్న గదిలో మా కుక్క బాగానే ఉంటుంది, ఎందుకంటే పొడి గాలిలో కూలరూ పనిచేస్తుంది, రొప్పడమూ పనిచేస్తుంది. అసలు భయం జూన్‌లో, తొలి జల్లులు పడి ఎండ ఇంకా తగ్గని రోజుల్లో. అప్పుడు గాలిలో తేమ పెరిగి కూలరు ఉక్కపోతనే ఇస్తుంది, రొప్పినా ఒళ్లు చల్లబడదు. అయినా థర్మామీటరులో అంకె తగ్గింది కదా అని మనం ధైర్యంగా పరుగుకు తీసుకెళతాం. కాబట్టి మార్చి నడిమి నుంచి వానలు కుదురుకునే వరకు ఉదయం ఆరు దాటాక పరుగు లేదని నియమం పెట్టుకోండి. సాయంత్రం సూర్యుడు దిగినా తారురోడ్డు వేడి దిగదు. అరచేతి వెనుక వైపును నేలపై ఆనించి ఏడెనిమిది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఉంచలేకపోతే కుక్కనూ నడిపించకండి. జూలు దట్టంగా ఉందని వేసవిలో గుండు చేయించేవాళ్లు ఉన్నారు. ఆ పై వెంట్రుకలే ఎండ చర్మానికి తగలకుండా ఆపుతాయి కనుక అలా చేయకూడదు, లోపలి మెత్తటి పొరను దువ్వి తీసేయడమే మేలు.

కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది, 41 దాటితే ప్రాణాపాయం. చొంగ చిక్కగా కారడం, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరగడం, కాళ్లు తడబడడం కనిపిస్తే ఆస్పత్రికి బయలుదేరడానికి ముందే మామూలు నీళ్లు ఒళ్లంతా ధారగా పోసి ఫ్యాను పెట్టాలి, ఆ తర్వాతే బండి ఎక్కించాలి. బోర్డర్ కోలీలలో వడదెబ్బకు భిన్నమైన మరొక లక్షణం కూడా ఉంది. కొన్ని కుక్కలు ఐదు నుంచి పదిహేను నిమిషాల తీవ్రమైన ఆట తర్వాత, ముఖ్యంగా వేడిలో, వెనుక కాళ్లు ఈడుస్తూ తూలిపోతాయి, చాలావరకు అరగంటలోపే మామూలు స్థితికి వస్తాయి. పరుగు ఆపడం వాటికి చేతకాదు, బంతి విసిరేవారే ఆపాలి. మీ పిల్లలకు ఈ సంగతి మొదటి రోజే చెప్పండి.

మాలిన్వా విషయంలో మీ మోజు నాకు అర్థమైంది. గడ్చిరోలి అడవుల్లో సీఆర్‌పీఎఫ్ దళాల వెంట ఆ కుక్కలను చూసినవారికెవరికైనా అలాంటిది ఇంట్లో ఉంటే బాగుండుననిపిస్తుంది. పొట్టి వెంట్రుకలు, తేలికైన ఒళ్లు ఉండడం వల్ల మూడింటిలో వేడికి కొంత ఎక్కువగా తట్టుకునేది కూడా అదే. అయితే దళాల్లో ఒక్కొక్క కుక్కకు శిక్షణ పొందిన సంరక్షకుడు ఉంటాడు, రోజంతా పని ఉంటుంది. సిరొంచలో ఉండే మా బావమరిది దగ్గర ఒకటి ఉంది. ఆయనకు కుక్కలతో చాలా ఏళ్ల అలవాటు, పెద్ద తోట, ఇంట్లో చిన్నపిల్లలు లేరు, అయినా అతిథి వస్తే ముందు దానిని గదిలో ఉంచి గానీ తలుపు తీయడు. కదిలేదాన్ని నోటితో గట్టిగా పట్టడం దాని స్వభావంలో పాతుకుని ఉంది. మొదటి కుక్కగా, ఎనిమిదేళ్ల పిల్లవాడున్న ఇంటికి నేను దానిని సిఫార్సు చేయను.

ఆస్ట్రేలియన్ షెపర్డ్ పేరుకు ఆస్ట్రేలియాదే గానీ అమెరికా పశ్చిమ ప్రాంతాల్లో రూపుదిద్దుకున్న జాతి. స్వభావంలో బోర్డర్ కోలీకంటే మనుషులకు కొంచెం దగ్గరగా మసలుతుంది, కానీ జూలు మరీ దట్టం. అమ్మేవారు ఎక్కువగా చూపించేది మచ్చమచ్చల నీలి బూడిద రంగు పిల్లలను, దానినే మెర్ల్ అంటారు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ రంగువే అయితే పుట్టే పిల్లల్లో సగటున నాలుగింట ఒకదానికి ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తుంది, అలాంటి పిల్లలకు చెవుడు, చూపు లోపం వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. దాదాపు తెల్లగా ఉన్న పిల్లను ‘అరుదైన రంగు’ అని ఎక్కువ ధర చెబితే అక్కడి నుంచి వచ్చేయండి. ఈ జాతిలోనూ, రఫ్ కోలీ అనే పొడవు జూలుండే వేరే జాతిలోనూ ఎమ్‌డీఆర్1 అనే జన్యువులో మార్పు తరచుగా ఉంటుంది. బోర్డర్ కోలీ, జర్మన్ షెపర్డ్‌లలో అది తక్కువ. ఆ మార్పు ఉన్న కుక్కకు మన దగ్గర గజ్జికీ, పిడుదులకూ మామూలుగా వేసే ఐవర్‌మెక్టిన్ ఎక్కువ మోతాదులో పడితే మెదడుకు ఎక్కి ప్రాణం మీదకు వస్తుంది. మనుషులు విరేచనాలకు వేసుకునే లోపెరమైడ్ మాత్ర కూడా అంతే. పశువైద్యుడు సూది తీయకముందే జాతి పేరు చెప్పండి. ఐవర్‌మెక్టిన్ వేసిన పశువుల పేడను కుక్క నాకకుండా కూడా చూసుకోవాలి.

జర్మన్ షెపర్డ్ కూడా మంద తోలే జాతే, 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ గొర్రెల కాపరుల కుక్కల నుంచే దానిని తీర్చిదిద్దాడు. మన దగ్గర పశువైద్యులందరికీ అలవాటైన కుక్క, ఒక పూట పని తప్పినా ఓర్చుకుంటుంది, పిల్లల వెంట పడడం తక్కువ. ఎండ బాధ దానికీ ఉంది. దాని పెద్ద లోపం తుంటి కీలు. అందుచేత నడుము వెనక్కు బాగా జారినట్లుండే ప్రదర్శనల రకాన్ని వదిలి, నిటారు వీపు ఉన్న తల్లిదండ్రుల పిల్లను చూడండి, వాటి తుంటి ఎక్స్‌రేలు అడగండి. అడిగితే నవ్వేవారి దగ్గర కొనకండి.

ఏ జాతి అయినా తీసుకురావడానికి అక్టోబరు, నవంబరు మంచి కాలం. వానాకాలపు పిడుదుల బెడద తగ్గుతుంది, చలి నెలల్లో పార్వో అనే వైరస్ జబ్బుకు వేసే టీకాలు, మూడో నెల తర్వాత రేబీస్ టీకా పూర్తవుతాయి, మార్చి ఎండలు వచ్చేసరికి పిల్ల కొంత గట్టిపడుతుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నేరం, కనుక నెలరోజుల పిల్లను తెచ్చి చూపించేవారి వద్ద మిగతా మాటలు కూడా నమ్మనక్కరలేదు. కెన్నెల్ క్లబ్ కాగితం వంశాన్ని చెబుతుంది, ఆరోగ్యాన్ని కాదు. తల్లి కుక్కను కళ్లారా చూడాలి, కొత్తవారిని చూసి అది మూలకు నక్కితే పిల్లల్లోనూ ఆ పిరికితనం వచ్చే అవకాశం ఎక్కువ. ఏడాది, ఏడాదిన్నర వరకు ఎముకల చివర్లలో పెరిగే మెత్తటి భాగాలు పూర్తిగా గట్టిపడవు కనుక అప్పటిదాకా సైకిలు వెంట పరుగెత్తించకండి. రాత్రిళ్లు పెరట్లో గొలుసుతో కట్టకండి, మన ఊళ్ల అంచులకు చిరుతపులులు వచ్చేది ఎక్కువగా కుక్కల కోసమే.

మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు వరకు మీ ఇంట్లో ఎవరుంటారో, కూలరు గది కుక్కకు కూడా దొరుకుతుందో లేదో మీరు రాయలేదు. ఆ రెండూ చెబితే పిల్లను తీసుకోవాలా, ఏడాది దాటిన కుక్కను తీసుకోవాలా అన్నది ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.