టెక్ సందేహాలు: ఒకే పరిశోధకునికి రెండు సైటేషన్ లెక్కలా?

ప్రశ్న: సరఫరా గొలుసు, సరుకు నిల్వల నిర్వహణపై తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా గైడ్ గారి సైటేషన్లు (ఆయన వ్యాసాలను ఇతరులు తమ రచనల్లో ప్రస్తావించిన లెక్క) పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో కనిపించినన్ని, పరిశోధన ప్రచురణల డేటాబేస్ అయిన స్కోపస్‌లో సగం కూడా లేవు. డిపార్ట్‌మెంట్ ఫారంలో ఏ సంఖ్య నింపాలి?
– పరిశోధక విద్యార్థిని, తిరుపతి

జవాబు: రెండూ 2004లోనే మొదలైనా, వాటి లెక్కింపు పద్ధతులు వేరు. గూగుల్ స్కాలర్ నెట్‌లో తనకు దొరికిన జర్నల్ వ్యాసాలతో పాటు థీసిస్‌లు, వర్కింగ్ పేపర్లు, పుస్తకాలలోని ప్రస్తావనలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. స్కోపస్ మాత్రం తాను పరిశీలించి చేర్చుకున్న ప్రచురణలకే పరిమితమవుతుంది. కనుక ఫారంలో ఏది అడిగారో చూసి, సంఖ్య పక్కనే అది ఎక్కడిదో, ఏ తేదీన చూశారో కూడా రాయండి. ఏదీ పేర్కొనకపోతే రెండూ రాయడం మేలు.

అంతకన్నా ముందు మీ గైడ్ గారి గూగుల్ ప్రొఫైల్‌ను ఒకసారి శుభ్రం చేయాలి. మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక, ఇంకోచోట ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది కాబట్టి, అదే పేరున్న మరొకరి వ్యాసాలు వచ్చి చేరడం మామూలే. ఆయన లాగిన్‌తో ప్రొఫైల్ తెరిచి, తనవి కాని వ్యాసాల పక్కనున్న గడిలో టిక్ పెట్టి డిలీట్ చేయమనండి. ఒకే వ్యాసం రెండుసార్లు కనబడితే రెండింటికీ టిక్ పెట్టి మెర్జ్ నొక్కాలి. ఆ తర్వాత సైటేషన్ల సంఖ్య పక్కన నక్షత్రం గుర్తు (*) కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. కలిపిన ప్రతులలో ఏదో ఒకటి అసలు వ్యాసంతో సరిగ్గా సరిపోలకపోవచ్చని అది చెబుతుంది, అంతే. కొత్త వ్యాసాలు వాటంతట అవే చేరిపోకుండా, ముందుగా ఈమెయిల్‌లో అనుమతి అడిగేలా సెట్టింగ్ మార్చుకుంటే ఈ తలనొప్పి మళ్లీ రాదు.

స్కోపస్‌లో ఆయన పేరు రెండు మూడు ప్రొఫైళ్లుగా చీలిపోయి ఉంటే వాటిని కలపమని అక్కడే అభ్యర్థన పంపవచ్చు. పేర్లు కలిసినా ఒక్కో పరిశోధకుణ్ణి విడిగా గుర్తించే పదహారు అంకెల ఆర్కిడ్ (ORCID) నంబరు ఉచితంగానే వస్తుంది. మీరు కూడా మొదటి వ్యాసం పంపకముందే తీసుకోండి.

ప్రశ్న: హెచ్-ఇండెక్స్ 12 అంటే ఏమిటి?
– డిగ్రీ కళాశాల అధ్యాపకుడు, చిత్తూరు

జవాబు: ఒక్కొక్కదానికి కనీసం 12 సైటేషన్లు వచ్చిన వ్యాసాలు ఆ పరిశోధకునికి 12 ఉన్నాయని అర్థం. ఈ కొలమానాన్ని జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించాడు. ఒకే వ్యాసానికి వేల సైటేషన్లు వచ్చినా ఇది కదలదు. తన వ్యాసాలను తానే ప్రస్తావించుకున్నవి తీసివేసి చూసే సౌకర్యం చందా ఉన్న స్కోపస్‌లో ఉంది. గూగుల్ స్కాలర్‌లో లేదు.

ప్రశ్న: మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. నిల్వల ప్రణాళిక వేసి ఇస్తానంటున్న ఒక ప్రొఫెసర్ గారు తనకు వేల సైటేషన్లు ఉన్నాయంటున్నారు. నమ్మవచ్చా?
– ఫ్యాక్టరీ యజమాని, చిత్తూరు జిల్లా

జవాబు: ఆయనను నమ్మవచ్చు గానీ, ఆ సంఖ్యను చూసి మాత్రం కాదు. ఆయన గూగుల్ స్కాలర్ ప్రొఫైల్‌లో ఎక్కువ సైటేషన్లున్న వ్యాసం పక్కనున్న అంకెను నొక్కితే, దానిని ప్రస్తావించిన వ్యాసాల జాబితా వస్తుంది. ఆ జాబితాలోనే వెతికే గడికి టిక్ పెట్టి, మామిడి అనో, కోల్డ్ స్టోరేజీ అనో ఇంగ్లిష్‌లో కొట్టి చూడండి. ఆ వ్యాసాలన్నీ సూత్రానికి మరో సూత్రం జోడించినవేనా, లేక నిజమైన గోదాములో ప్రయోగించినవి కూడా ఉన్నాయా అనేది అక్కడ తెలుస్తుంది. పాడైపోయే సరుకుల నిల్వపై 1963లో ఘారే, ష్రాడర్ అనే పరిశోధకులు ఇచ్చిన గణిత నమూనా నుంచి వెలువడిన వ్యాసాలు కోకొల్లలు. తోతాపురి కాయ జూన్, జూలైలలో ఒక్కసారిగా వచ్చిపడే మీ ఫ్యాక్టరీకి వాటిలో పనికొచ్చేవి కొన్నే.

సైటేషన్లు తక్కువైనంత మాత్రాన తీసిపారేయకూడదు కూడా. ఒక్కసారికి ఎంత సరుకు ఆర్డరు పెట్టాలో చెప్పే ప్రసిద్ధ సూత్రాన్ని ఫోర్డ్ విట్‌మన్ హ్యారిస్ 1913లో ఒక పత్రికలో రాశాడు. ఆ వ్యాసం మరుగున పడి, సూత్రం విల్సన్ అనే మరొకరి పేరుతో చెలామణీ అయింది. మూలవ్యాసం మళ్లీ వెలుగులోకి వచ్చింది 1988లో. నన్నడిగితే, గత సీజన్‌లో మీకు వచ్చిన కాయ, తయారైన గుజ్జు, అమ్ముడుపోయిన డ్రమ్ముల లెక్కలు ఆ ప్రొఫెసర్ గారికిచ్చి, తన పద్ధతి అప్పుడే ఉండి ఉంటే ఏమి జరిగేదో లెక్కగట్టి చూపమనండి.