లీనా మోర్గెన్‌స్టర్న్ అంటే సూప్ ఒక్కటే కాదు

చదువు, పత్రికల ద్వారా ఆడవాళ్ల హక్కుల కోసం పనిచేసిన యూదు మహిళల్లో మీకు బాగా నచ్చినవారెవరని అడిగారు. నాకైతే లీనా మోర్గెన్‌స్టర్న్. 1830లో బ్రెస్లావ్‌లో (ఇప్పుడది పోలండ్‌లో ఉంది) పుట్టి, పెళ్లయ్యాక బెర్లిన్ చేరింది. ఎవరిని కదిపినా 1866లో ప్రష్యాకీ (బెర్లిన్ రాజధానిగా ఉన్న అప్పటి జర్మన్ రాజ్యం) ఆస్ట్రియాకీ యుద్ధం జరిగిన రోజుల్లో ఆవిడ పెట్టిన వంటశాలల గురించే చెప్తారు. పేదలకి ఊరికే పెట్టకుండా వండిన ఖర్చుకే అమ్మేవారు, తినేవాళ్లు ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేకుండా. గొప్ప పనే, కాదనను. కానీ ఊరంతా ఆవిడకి 'సూప్ లీనా' అని పేరు పెట్టేసింది, అక్కడే నాకు మండుతుంది.

ఎందుకంటే మా అమ్మ అంగన్‌వాడీ టీచరు. ఊళ్లో అందరికీ 'గుడ్ల టీచరు'. ఓసారి పైనుంచి తనిఖీకి వచ్చారు. ఆ టైములో అమ్మ పిల్లల చేత చింతగింజలతో లెక్కలు చేయిస్తోంది. ముక్కు కారుతున్న ఒక పాప ఐదు గింజలు వరసగా పేర్చి, ఒకటి తీసి గుప్పిట్లో దాచుకుని, మిగిలినవి వేలితో తాకుతూ లెక్కపెట్టి "నాలుగే!" అని అరిచింది. వచ్చినాయన తలెత్తనైనా లేదు. గుడ్ల రిజిస్టరు తిరగేసి, బాలామృతం ప్యాకెట్లు లెక్కపెట్టి, సంతకం చేసి వెళ్లిపోయాడు. ఇప్పుడు దానికి తోడు యాప్‌లో ఎంట్రీలు, ఫొటోలు, సిగ్నల్ కోసం డాబా ఎక్కడాలు. ఇంక పాఠం చెప్పేదెప్పుడు?

లీనా కూడా వంటశాలల కన్నా ముందు పిల్లల చదువు మనిషే. నాస్తికత్వం నేర్పుతున్నాయన్న అనుమానంతో ప్రష్యా ప్రభుత్వం 1851లో కిండర్‌గార్టెన్లని నిషేధించింది. 1860లో గానీ ఎత్తెయ్యలేదు. నిషేధం ఉండగానే, 1859లో, బెర్లిన్‌లో వాటికోసం సంఘం పెట్టినవాళ్లలో ఈవిడ ఉంది.

అన్నిటికన్నా నాకు పెద్దగా కనిపించేది ఆవిడ పత్రిక. 1873లో గృహిణుల సంఘం పెట్టి, మరుసటేడు నుంచి 1905 దాకా గృహిణుల కోసం పత్రిక నడిపింది. అప్పట్లో ప్రష్యాలో ఆడవాళ్లు రాజకీయ సంఘాల్లో చేరడానికే వీల్లేదు, 1908 దాకా అదే చట్టం. అలాంటి చోట ఇంటి సంగతుల పత్రికలో ఆడపిల్లల చదువు, ఉద్యోగాల గురించి రాస్తే ఏ మొగుడూ అడ్డుపెట్టడు, నేరుగా వంటింట్లోకే వెళ్తుంది. ఆ కాలంలో ఉపన్యాసాలకన్నా ఇదే ఎక్కువ పనిచేసి ఉంటుందని నా గట్టి నమ్మకం. యూదురాలని తిట్టినవాళ్లూ తక్కువేం కాదు, అయినా ఆపలేదు.

1896లో బెర్లిన్‌లో అంతర్జాతీయ మహిళా మహాసభ జరిపినవాళ్లలోనూ ఆవిడ ముందుంది. అప్పటికి అరవై ఐదేళ్లు, పత్రిక పని కూడా చూసుకుంటూనే.