జెముడుకాకి పరభృతమా?

సందేహం: నల్లమల అడవిలో, పొదల నడుమ, నల్లని ఒళ్లు, ఇటుకరంగు రెక్కలు, పొడవైన తోక గల పక్షిని చూశాను. వెంట ఉన్నవారు జెముడుకాకి అన్నారు. పక్షుల పుస్తకంలో అది కోకిల కుటుంబంలో ఉంది. నా యాత్రావ్యాసంలో దీనిని ‘పరభృతము’ అనవచ్చునా? పేరులో ‘కాకి’ ఎందుకున్నది?

సమాధానం: మీ వర్ణనను బట్టి అది జెముడుకాకే. కన్ను ఎర్రగా ఉండి, నేలమీద నడుస్తూ పురుగులనూ తొండలనూ వెదకుతూ, అలికిడి కాగానే దూరం ఎగిరిపోక దగ్గరి పొదలోకి బరువుగా దూరిందంటే ఇక అనుమానం అక్కరలేదు. కూత విన్నారో లేదో మీరు రాయలేదు; కుండలో నుంచి వచ్చినట్లు లోగొంతుతో ‘ఊప్ ఊప్’ మని వరుసగా కూస్తుంది.

పేరులోని ‘కాకి’ దాని నలుపును బట్టి వచ్చినట్లు తోస్తుంది. నీరుకాకి ఎట్లా కాకి కాదో ఇదీ అంతే. కాకికి మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కు ఉంటాయి. జెముడుకాకికి కోకిలకు వలెనే రెండు ముందుకు, రెండు వెనక్కు.

ఇక ‘పరభృతము’ అనగా పరులచేత పెంచబడినది. అమరకోశం ఈ మాటను కోకిలకు చెప్పి, పొల్లు తకారంతో ముగిసే ‘పరభృత్’ను, అంటే పరులను పెంచేదానిని, కాకికి చెప్పింది, కోకిల కాకిగూటిలో గుడ్లు పెట్టే సంగతి ఈ రెండు మాటల్లోనే ఇమిడి ఉన్నది. జెముడుకాకి అట్లా కాదు, తన గూడు తానే కట్టుకొని పిల్లలను తానే మేపుతుంది. కుటుంబం ఒకటైనంత మాత్రాన ఆ బిరుదు దీనికి చెల్లదు. (కోకిలకైనా ‘కోకిలమ్మ పాడింది’ అనే కవుల వాడుక చూడ ముచ్చటే గాని, ‘కుహూ’ అని కూసేది మగపక్షి. ‘కోకిల కూసింది’ అంటే మాత్రం చిక్కులేదు. ఆ క్రియారూపం తెలుగులో పక్షులకు ఆడామగా తేడా లేకుండా చెల్లుతుంది.)

కాబట్టి ‘కోకిల కుటుంబానికి చెందిన జెముడుకాకి’ అని రాయండి. ‘జెముడుకాకి అనే కోకిల’ అంటే చదివేవారు మామిడికొమ్మల్లో పండ్లు తినే, లేతాకుపచ్చ ముక్కు గల నల్లపక్షినే ఊహించుకుంటారు.