టెక్ సందేహాలు: పాత లెన్సులో ముఖం అంత మెత్తగా ఎందుకొస్తుంది?

ప్రశ్న: మా నాన్నగారు ఫొటో స్టూడియో నడిపేవారు. ఆయన వాడిన నికాన్ 50 ఎంఎం ఎఫ్/1.4 మాన్యువల్ లెన్స్ నా దగ్గరుంది. నా కెమెరా నికాన్ జెడ్5, దానికి 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్ కొన్నాను. అడాప్టర్ పెట్టి పాతదానితో మా అమ్మాయిని తీస్తే ముఖం మెత్తగా, అందంగా వస్తోంది. కొత్తదానితో చర్మం మీది ప్రతి గీతా కనబడుతోంది. పాత లెన్సులో నిజంగా ఏదైనా ఉందా, లేక నా భ్రమా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: భ్రమ కాదండీ. ఎఫ్/1.4 దగ్గర లెన్సు పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని అంచుల నుంచి వచ్చే కిరణాలూ, మధ్య నుంచి వచ్చేవీ ఒకే చోట కలవవు. ఇంటర్ ఫిజిక్స్‌లో గోళీయ విపథనం అని చదివింది ఇదే. కనురెప్ప వెంట్రుకలు పదునుగానే పడతాయి, కానీ వాటి మీద పల్చటి వెలుగు పొర పరుచుకుంటుంది. చర్మం మీది సన్న గీతలు అందులో కలిసిపోతాయి. మీకు నచ్చింది ఆ పొరే.

నాన్నగారి లెన్సులో గాజులు 7. కొత్తదానిలో 12, వాటిలో రెండు ఆస్ఫెరికల్ (పూర్తి గోళాకారం కానివి), రెండు ఈడీ (రంగులు విడిపోవడాన్ని తగ్గించేవి) గాజులు. బరువు 415 గ్రాములకు పెరిగింది. ఆ వెలుగు పొరనీ, జుట్టు చివర్లలో కనిపించే ఊదా, ఆకుపచ్చ అంచుల్నీ తుడిచేయడానికే ఇంత గాజు పెట్టారు. అందుకే ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది.

గాజులు తక్కువైతే బొమ్మకు లోతు వస్తుందనీ, కొత్త లెన్సులు నిర్జీవమనీ యూట్యూబ్‌లో గట్టిగా చెబుతుంటారు. నేను ఒప్పుకోను. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, వైట్ బ్యాలెన్స్ మార్చకుండా, రెండింటి రంధ్రాన్నీ ఎఫ్/5.6కి మూసి (ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) తీయండి. ఫ్రేము మధ్య భాగాలు పక్కపక్కన పెడితే ఏది దేనిదో చెప్పడం కష్టమవుతుంది. గాజుల సంఖ్య అలాగే ఉంది, పోయింది విపథనం. ముఖానికి లోతునిచ్చేది ప్రధానంగా వెలుతురు ఏ పక్క నుంచి పడుతోందన్నదే. పాత లెన్సు పెట్టినప్పుడు మాన్యువల్ ఫోకస్ కోసం ఆగి, చూసి తీస్తాం. మంచి ఫొటోలు రావడంలో ఆ నిదానం వాటా కూడా చాలానే ఉంటుందని నా నమ్మకం.

ఎదురు వెలుతురులో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. పూత లేని గాజు ఒక్కో ఉపరితలం దగ్గర దాదాపు 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. అలా కొట్టిన వెలుగు లోపలే తిరిగి తిరిగి నల్లజుట్టును బూడిదరంగులోకి తెస్తుంది. జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా 1935లో ఈ వెనక్కి కొట్టడాన్ని తగ్గించే పూతకు పేటెంట్ తీసుకున్నాక ఈ బాధ తగ్గింది, 1970ల్లో మల్టీకోటింగ్ (పొరలు పొరలుగా వేసే పూత) వ్యాపించాక ఇంకా తగ్గింది. అయినా నేటి పూతలది మరో స్థాయి. మండపంలో వెనక నుంచి లైట్లు కొడుతుంటే కొత్తదే బిగించండి.

అమ్మాయి ఫొటోలకు కిటికీ పక్కన, ఎఫ్/1.4 నుంచి ఎఫ్/2 లోపు నాన్నగారి లెన్సే వాడండి. ఎఫ్/2.8కి మూస్తే ఆ పొర దాదాపు పోతుంది. మెనూలో నాన్-సీపీయూ లెన్స్ డేటా దగ్గర 50, 1.4 అని నింపితేనే కెమెరాలోని వైబ్రేషన్ రిడక్షన్ (చేతి వణుకును సరిచేసేది) సరిగ్గా పనిచేస్తుంది. ఫోకస్ కుదిరిన అంచుల్ని రంగుతో చూపే ఫోకస్ పీకింగ్‌ను మాత్రమే నమ్మకండి, కంటి మీదికి జూమ్ చేసి చూసుకోండి. కొత్త లెన్సుతో తీసేటప్పుడు పిక్చర్ కంట్రోల్‌లో క్లారిటీ కాస్త తగ్గిస్తే చర్మం అంత కరుగ్గా కనబడదు.

ప్రశ్న: నా నికాన్ డి5600కి హీలియోస్ 44-2 అనే పాత సోవియట్ లెన్సు కొందామనుకుంటున్నాను. వెనక ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయి కదా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ కెమెరాకైతే వద్దు. హీలియోస్ 58 ఎంఎం ఎఫ్/2 మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్‌లో జెనిత్ కెమెరాల కోసం తయారైంది, మూలం జర్మనీ లెన్సు బయోటార్. హీలియోస్‌ది ఎం42 అనే మర బిగింపు. ఆ బిగింపు సెన్సార్‌కి 45.46 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లో ఆ దూరం 46.5. ఆ ఒక్క మిల్లీమీటరు వల్ల రెండు మూడు మీటర్లు దాటినవి ఫోకస్‌లోకి రావు. గాజు ఉన్న అడాప్టర్‌తో ఫోకస్ కుదిరినా బొమ్మ నాణ్యత పడిపోతుంది. పైగా సుడి కనిపించేది ఫ్రేము అంచుల్లో. మీ చిన్న సెన్సార్ ఆ అంచుల్నే కోసేస్తుంది. పెద్ద సెన్సారున్న ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా చేతికొచ్చాక, మనిషిని దగ్గరగా నిలబెట్టి, వెనక కాస్త దూరంలో ఆకుల సందుల్లోంచి ఎండ పడే చోట తీయండి.

అప్పుడు కొనేముందు మొబైల్ టార్చిని లెన్సు వెనక నుంచి వేసి చూడండి. సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. పూతను తినేసి ఉంటే శుభ్రం చేసినా మచ్చ పోదు, ఎంత చవకైనా తీసుకోకండి. సముద్రం పక్క ఊరు కాబట్టి కొన్న లెన్సును తేమ 40-50 శాతం దాటని డ్రై బాక్సులో ఉంచండి.